రెండు సీసాల్లో ఒకే నీళ్ళు

నీళ్ళకి రంగు ఉండదని చిన్నప్పుడు సైన్సు పుస్తకంలో చదువుకున్నాను. పెద్దయ్యాక నీళ్ళకి రంగు తెప్పించడమే ఉద్యోగమైంది. కలిదిండి దారిలో, రొయ్యల చెరువుల మధ్య ఒక చిన్న నీటి ల్యాబ్ ఉంది. పదకొండేళ్ళుగా నేను అక్కడ పనిచేస్తున్నాను. రైతులు చెరువు నీళ్ళు సీసాల్లో పట్టి, సీసాకి ఒక టేపు ముక్క అంటించి, దాని మీద చెరువు నంబరు రాసి తెస్తారు. ఆ నీళ్ళలో మందు చుక్కలు వేస్తే రంగు మారుతుంది. రంగును బట్టి చీటీ మీద ఒక అంకె వేసి, కింద సంతకం పెట్టాలి. ఆ అంకె చూసుకుని రైతు ఆ రోజు మేత వెయ్యాలో మానాలో, నీళ్ళు మార్చాలో వద్దో తేల్చుకుంటాడు.

ల్యాబ్‌లో నాతో పనిచేసే ఇద్దరికీ పనంటే ఇంతే. నాకు మాత్రం ఆ "ఇంతే" దగ్గర ఒక అక్షరం ఎక్కువ పడేది. ఇంతేనా?

నీటి కాఠిన్యం చూసే పరీక్ష ఒకటుంది. గాజు కుప్పెలో నీళ్ళు ద్రాక్షరసం రంగులో ఉంటాయి. పైనున్న గొట్టంలోంచి మందు ఒక్కొక్క చుక్కే వదులుతూ, కుప్పెను చేత్తో తిప్పుతూ ఉంటే, ఒక చుక్క దగ్గర నీళ్ళు నీలంగా మారిపోతాయి. ఆ చుక్కని అంత్యబిందువు అంటారు. అందరికీ అది అంత్యం, నాకు ఆరంభం. నీలం వచ్చిందా, నీలం వచ్చిందని అనుకున్నానా? ఒక చుక్క ముందే వచ్చి ఉంటే? గొట్టం మీద గీత చదివేటప్పుడు కన్ను పైనుంచి చూసిందా, కిందనుంచి చూసిందా? సరే, మళ్ళీ చేద్దాం. రెండోసారి అదే అంకె వస్తే, మొదటి అంకె మనసులో ఉండబట్టి అలా చదివానేమో. మూడోసారి చేస్తే, అసలు ఇది ఆ సీసా నీళ్ళేనా?

ఒక సీసాకి పావుగంట పట్టే పనికి నేను గంట తీసుకునేదాన్ని. విచిత్రం ఏమిటంటే దానికి నాకు మంచి పేరు వచ్చింది. "ఆ మేడమ్ గారు ఒకటికి నాలుగుసార్లు చూస్తారండి, ఆవిడ చేత్తోనే చేయించండి" అని రైతులు బల్ల దగ్గర వరసగా నిలబడేవారు. ఒక జబ్బుకి ఇంత గిరాకీ ఉంటుందని నాకు తెలియదు. ఎవరైనా పొగిడితే తల వంచుకుని నవ్వేదాన్ని. వాళ్ళు దాన్ని వినయం అనుకున్నారు. నేను సీసాల మీద టేపులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకునేదాన్ని.

ఇది ల్యాబ్‌తో మొదలవలేదు. చిన్నప్పుడు మా ఇంట్లో రోజూ సాయంత్రం ప్రార్థన ఉండేది. మా నాన్నగారు మిషను బడిలో పంతులు. అందరం కళ్ళు మూసుకునేవాళ్ళం. ప్రార్థన మధ్యలో నా మనసు ఎటో పోయిందనిపిస్తే, అది దేవుడికి చేరలేదేమోనని లోపల మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. అందరూ ఆమెన్ అని లేచి భోజనాలకి కూర్చున్నాక కూడా నేను మోకాళ్ళ మీదే ఉండేదాన్ని. "మా పిల్లకి భక్తి ఎక్కువ" అని అమ్మ పక్కింటావిడతో అనేది. కాలేజీలో చేరాక అదే జాగ్రత్త అయింది. ఉద్యోగంలో శ్రద్ధ అయింది. ఒక్క అనుమానానికి ఇన్ని మారుపేర్లు పెట్టి ఊరంతా నన్ను మెచ్చుకుంటూ ఉంటే, దాన్ని నేను మాత్రం ఎలా అనుమానిస్తాను?

మెచ్చుకోవడానికి వీల్లేనివి కూడా ఉండేవి. ఏలూరు మార్కెట్‌లో అరకిలో వంకాయలు ఏరడానికి అరగంట పట్టేది. పుచ్చు లేనివి ఏరి సంచిలో వేశాక, చివరగా వేసిన రెండూ సరిగ్గా చూడలేదనిపించేది. ఒకసారి సంచి మొత్తం తిరిగి తట్టలోకి బోర్లించాను. ఆ కూరగాయలామె నన్ను కాసేపు చూసి, "పుచ్చు కాయలో ఉందా అమ్మా, ఇంకెక్కడైనా ఉందా?" అంది. చాలా ఏళ్ళ తర్వాత డాక్టరు గారు ఫీజు పుచ్చుకుని చెప్పింది కూడా దాదాపు అదే.

మా ఆయన లెక్కల మాస్టారు. పని తాడేపల్లిగూడెంలో, ఇల్లు ఏలూరులో. పొద్దున్నే ఆయన రైలెక్కి తూర్పుకి పోతారు, నేను బస్సెక్కి కొల్లేరు మీదుగా దక్షిణానికి పోతాను. మధ్యలో ఫోను ఉంటుంది. ల్యాబ్‌లో ఏ సీసా దగ్గర చిక్కుకున్నా నేను ఆయనకి ఫోను చేసేదాన్ని. ఆయనకి ఆ సీసా కనపడదు, రంగు కనపడదు, ఆ పరీక్ష ఏమిటో కూడా సరిగ్గా తెలియదు. అయినా అడిగేదాన్ని.

"ఏవండీ, నేను సరిగ్గానే చూసి ఉంటానంటారా?"

"సరిగ్గానే చూసి ఉంటావు."

"ఉంటాను అంటారేంటి? చూశానా?"

"చూశావు."

ఆ "చూశావు"తో ఒక పది నిమిషాలు గడిచేవి. నొప్పి తగ్గించే మాత్రలా పనిచేసేది ఆయన గొంతు. రానురాను ఒక మాత్ర చాలేది కాదు. ఆయన పీరియడ్లు ఏ గంటకి అయిపోతాయో నాకు కంఠతా వచ్చేసింది. స్టాఫ్ రూములో ఆయన ఫోను మోగితే తోటి మాస్టార్లు, "మీ సీసా వచ్చిందండీ మాస్టారూ" అనేవారట.

ఇదంతా నవ్వుకుంటూ రాస్తున్నాను. అప్పట్లో నవ్వు రాలేదు. నేను పోగొట్టుకుంటున్నది ఏమిటో తెలిసిన రోజు గురించి మొదట చెప్పాలి.

కొల్లేరు అవతలి ఊరి నుంచి ఒక రైతు దంపతులు వచ్చేవారు. వాళ్ళకి రెండు చెరువులు. ఆ రోజు ఆయన ఒక్కడే రెండు సీసాలు తెచ్చి, బల్ల మీద పెట్టి, మేత కొనుక్కోవడానికి బజారుకి వెళ్ళాడు. ఒకటో చెరువు సీసా పరీక్ష చేసి అంకెలు రాశాను. రెండోది చేశాను. అంకెలన్నీ ఒక్కటే. ఏ రెండు చెరువుల నీళ్ళూ అన్ని పరీక్షల్లోనూ ఒకేలా రావు. పక్కపక్కనే ఉన్నా రావు. అంటే నేను ఒకే సీసాని రెండుసార్లు పరీక్ష చేశానన్నమాట.

మళ్ళీ చేశాను. మళ్ళీ అవే అంకెలు. మా ఆయనకి ఫోను చేశాను. "అలా చెయ్యవులే" అన్నారు. ఇంకోసారి చేశాను. అవే. ఇంకోసారి ఫోను చేశాను. బజారుకి వెళ్ళిన రైతు తిరిగొచ్చి, బల్ల మీద గాజు కుప్పెలు బారులు తీరి ఉండడం చూసి, "ఏవండీ మేడమ్ గారూ, మా నీళ్ళలో ఏవైనా తేడా ఉందంటారా?" అని భయం భయంగా అడిగాడు.

"తేడా లేదండీ. అదే తేడా" అన్నాను.

పాపం, ఆయనకి అర్థం కాలేదు. రేపు మళ్ళీ రెండు సీసాలూ పట్టుకురమ్మని పంపేశాను. చీటీ మీద సంతకం పెట్టలేదు. ఆ సాయంత్రం లోపు మా ఆయనకి అయిదుసార్లు ఫోను చేశాను.

మర్నాడు రైతు రాలేదు, ఆయన భార్య వచ్చింది. మోపెడ్ గుమ్మం ముందు ఆపి, లోపలికి రాకుండా చాలాసేపు చెప్పుల దగ్గరే నిలబడింది.

"లోపలికి రండి."

"మిమ్మల్ని ఒక మాట అడగాలండి. మా ఆయనకి చెప్పకండేం."

"ఏంటి?"

"నిన్న నీళ్ళు పట్టింది నేనేనండి. రెండో చెరువు గట్టు వానకి ఒకటే జారుడండి. మొన్నే పడ్డాను. ఎవరు చూస్తార్లే అని, ఒకటో చెరువులోనే రెండు సీసాలూ ముంచేశానండి. టేపులు మాత్రం వేరేగానే అంటించాను." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నీళ్ళు చూసి గట్టు ఎక్కలేదని చెప్పేసే మేడమ్ గారు ఉన్నారని నాకేం తెలుసండి?"

నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నేను తప్పు చెయ్యలేదు. రెండు సీసాల్లోనూ ఒకే నీళ్ళు. నా కళ్ళు, నా చెయ్యి, నా అంకెలు, అన్నీ సరైనవే. ఆవిడకి కుర్చీ వేసి, టీ తెప్పించి, ఆవిడ రెండో చెరువు నుంచి నిజంగానే పట్టి తెచ్చిన నీళ్ళు తీసుకున్నాను. ఆవిడ టీ సగం తాగేలోపే నాకు మొన్న ఒక పెద్దాయన తెచ్చిన మూడు సీసాలు గుర్తొచ్చాయి. ఆయన సీసాల్లో ఒకదాని టేపు కొంచెం ఊడి ఉంది. నేనే ఊడదీసి అంటించానా? వేరే సీసాకి అంటించానా?

చేతిలో ఉన్న గాజు కుప్పెను బల్ల మీద పెట్టేశాను. ఇంతకన్నా రుజువు ఎవరికి దొరుకుతుంది? నేరుగా మనిషే వచ్చి, ఒప్పుకుని, నువ్వు సరిగ్గానే చూశావని చెప్పింది. అది కూడా ఆవిడ టీ చల్లారేదాకా నిలవలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మా ఆయన మంచం మీద కాలు చాపుకుని, చీలమండకి గుడ్డ చుట్టుకుని కూర్చున్నారు. కాలు ఉబ్బి గుమ్మడిపిందెలా ఉంది.

"ఏమైందండీ? ఎప్పుడు?"

"నిన్న. స్టేషన్లో మెట్లు దిగుతుంటే జారాను."

"నిన్ననా? నాకెందుకు చెప్పలేదు?"

ఆయన కాసేపు నా వంక చూశారు. కోపం లేదు ఆ చూపులో. ఉంటే బాగుండేది.

"చెప్పానే. రెండో ఫోనులో చెప్పాను. జారితే జారారు గానీ, నేను ఒకే సీసా రెండుసార్లు చేశానంటారా, అన్నావు."

నేను అన్నానా, అనలేదా అని ఒక్కసారి కూడా నాకు అనుమానం రాలేదు. జీవితంలో నేను రూఢిగా నమ్మిన మాట అదొక్కటే. నిన్న రాత్రి ఆయన కుంటుతూనే వచ్చి అన్నం తిన్నారు, కుంటుతూనే పొద్దున్న బడికి వెళ్ళారు. ఆ ఇంట్లో ఆయన ఎదురుగా ఉన్నా నేను చూడలేదు. ఒక్క చుక్కలో నీలం పసిగట్టే కళ్ళకి ఇంట్లో మనిషి కుంటడం కనపడలేదు.

వేడినీళ్ళు పెట్టి, ఉప్పు వేసి, ఆయన కాలు గిన్నెలో పెట్టి కింద కూర్చున్నాను. పెళ్ళయిన కొత్తలో ఆయన రైల్లో చూసిందీ, బడిలో జరిగిందీ నాకు పూసగుచ్చినట్టు చెప్పేవారు. ఆఖరిసారి అలాంటి కథ ఒకటి చివరిదాకా ఎప్పుడు విన్నానో గుర్తు చేసుకోబోయాను. ఒక్క చివర కూడా గుర్తు రాలేదు. అన్నీ మొదళ్ళే. "ఇవాళ ఏమైందంటే" దగ్గర మొదలై, నా సీసా దగ్గర ఆగిపోయినవి. ఉద్యోగం పోతుందేమో, రైతుకి నష్టం వస్తుందేమో అని ఇన్నేళ్ళూ భయపడ్డాను. చెయ్యి జారుతున్నది మాత్రం ఈయన. పక్కనే ఉండి, అడిగినప్పుడల్లా జవాబు చెబుతూ, మాట్లాడడం మానేసిన మనిషి.

"ఎవరైనా డాక్టరు దగ్గరికి వెళ్దామండీ" అన్నాను.

"ఇదేముందిలే, బెణుకు. రెండ్రోజుల్లో తగ్గిపోతుంది."

"మీ కాలుకి కాదండీ."

ఏలూరులోనే ఒక మేడ మీద ఆసుపత్రి. మానసిక వైద్యురాలు, మా అమ్మ వయసు ఉంటుంది. "ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందమ్మా?" అని అడిగారు.

"ఎనిమిదేళ్ళండీ. కాదండీ, చిన్నప్పటి నుంచీ ఉందేమో. అప్పటిది ఇదేనో కాదో. ఉండండి, బయట మా ఆయన ఉన్నారు, ఒకసారి అడిగి చెప్తాను."

ఆవిడ పెన్ను కింద పెట్టి నవ్వారు. "ఇంక చెప్పక్కర్లేదు. ఆయన్ని లోపలికి రమ్మనండి."

దానికి ఒక పేరుంది, మందులున్నాయి, సాధన ఉంది అని ఆవిడ వివరంగా చెప్పారు. నా పని ఏమిటో అంతా విన్నాక మా చెరువుల భాషలోనే చెప్పారు. "అనుమానం తీరితే మీకు శాంతి వస్తుందని మీరు అనుకుంటున్నారు. ఇది తీరే రకం కాదమ్మా. మీరు ఒకటికి నాలుగుసార్లు చూసిన ప్రతిసారీ, ఆయన 'సరిగ్గానే చేశావు' అన్న ప్రతిసారీ, మీరు దీనికి మేత వేస్తున్నారు. అది తిని పెరుగుతోంది."

మా ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్నారు. తర్వాత నెమ్మదిగా, "అయితే ఇన్నాళ్ళూ దీన్ని పెంచింది నేనేనా అండీ?" అన్నారు.

"మీరు ప్రేమతో చేశారు."

"ప్రేమతోనే చేశానండీ. కానీ పెంచాను కదా."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. ఆ విషయంలో కూడా నాకు అనుమానం లేదు.

డాక్టరు గారు రెండు పనులు చెప్పారు. ల్యాబ్ పద్ధతి ప్రకారం ఎన్నిసార్లు చెయ్యాలో అన్నిసార్లే చెయ్యాలి. మా పద్ధతి రెండుసార్లు. రెండు చేసి రాసెయ్యడం, మూడోది లేదు. ఇక మా ఆయన నాకు జవాబు చెప్పకూడదు. అడిగితే, "అయ్యుండచ్చు" అనో, "ఏమో" అనో అనాలి. విన్నప్పుడు ఎంత చిన్న పని అనిపించిందో.

మందుల దగ్గరే మొదటి పరీక్ష ఎదురైంది. అనుమానం తగ్గడానికి ఇచ్చిన మాత్ర వేసుకున్నానా లేదా అని అనుమానం. వేసుకున్న రోజు అట్ట మీద పెన్నుతో గీత పెట్టమన్నారు. ఆ గీత ఇవాళ పెట్టిందా, నిన్నటిదా? మళ్ళీ వెళ్ళినప్పుడు ఈ సంగతి చెప్తే డాక్టరు గారు, "అనుమానం వస్తే ఆ పూట ఇంకోటి వేసుకోకండి. ఒక పూట తప్పితే తప్పింది" అన్నారు. తప్పితే తప్పింది. మిగతా మనుషులు అంత తేలిగ్గా అనగలిగే మాటని నేను నోటితో పలకడం ఒక వారం సాధన చేశాను.

మా ఆయన మొదటిసారి "అయ్యుండచ్చు" అన్న రోజు బాగా గుర్తుంది. మధ్యాహ్నం ఫోను చేశాను.

"ఏవండీ, మూడో సీసా టేపు నేను తప్పుగా అంటించానేమో."

అవతల స్టాఫ్ రూములో ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది.

"అయ్యుండచ్చు."

"ఏంటండీ?"

"అయ్యుండచ్చు అంటున్నాను."

"డాక్టరు గారు అనమన్నారని అంటున్నారా, నిజంగానే అంటున్నారా?"

"ఏమో."

"ఆ ఏమో నిజం ఏమోనా, డాక్టరు గారి ఏమోనా?"

"ఏమోనే" అన్నారు. ఫోను పెట్టేశాను. కోపంతో కాదు, ఇంకాసేపు ఉంటే ఆయన చెప్పేస్తారని తెలిసి. నేను ల్యాబ్ వెనకాల చేతులు కడుక్కునే చోట నిలబడి ఏడ్చాను. ఆయన అక్కడ బడి మెట్ల మీద కూర్చుని, పీరియడ్ గంట కొట్టినా లేవలేదట. ఆ తర్వాత క్లాసులో బోర్డు మీద ఒక లెక్క తప్పు చేశారట. పిల్లలు సరిదిద్దారట. ఇది చాలా నెలల తర్వాత గానీ ఆయన నాకు చెప్పలేదు.

ఆ నెలలు ఎలా గడిచాయో రాయడం కష్టం. కొన్ని రోజులు రెండుసార్లతో ఆగేదాన్ని. కొన్ని రోజులు నాలుగు. ల్యాబ్ దగ్గర వరస తగ్గింది, నా పేరు కూడా తగ్గింది. "మేడమ్ గారు ఈమధ్య తొందరగా చేసేస్తున్నారేంటండీ?" అని ఒకాయన నిష్టూరంగా అన్నాడు. ఆ రాత్రి దాకా ఆ మాట నమిలాను. ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక అందరితో పాటు లేచాను. నా ప్రార్థన దేవుడికి చేరిందో లేదో దేవుడికే వదిలేశాను. ఆయన శాఖ అది, నాది కాదు. ఒక్కోసారి మార్కెట్‌లో వంకాయలు కళ్ళు మూసుకుని తీసుకున్నాను. ఒకటి పుచ్చు వచ్చింది. కోసి పారేశాను. ఇల్లు కూలలేదు.

ముసురు పట్టిన ఒక రోజు ఆ రైతు భార్య వచ్చింది. ఈసారి ఒక్కటే సీసా.

"రెండో చెరువుదండి. గట్టెక్కే పట్టాను, చెప్పులు చూడండి" అని మట్టి కాళ్ళు చూపించింది. "రొయ్య పైపైకి వస్తున్నట్టుంది. తొందరగా చూసి చెప్తారా?"

అమ్మోనియా చూడాలి. మందు వేశాక నీళ్ళు పసుపు నుంచి ఆకుపచ్చకి తిరుగుతాయి. ఆ రంగుని ఒక అట్ట మీది గళ్ళతో పోల్చాలి. ఒక గడికీ ఇంకో గడికీ మధ్యలో నిలబడ్డాయి నీళ్ళు. నా లాంటి మనిషి కోసమే ఎవరో కావాలని తయారుచేసిన రంగు. రెండోసారి చేశాను. మళ్ళీ ఆ రెండు గళ్ళ మధ్యే, పై గడి వైపు కొంచెం వాలి. కిటికీ దగ్గరికి తీసుకెళ్తే ఒకలా ఉంది, ట్యూబులైటు కింద ఒకలా ఉంది. ముసురు కదా, పగటి వెలుతురు కూడా పగటిలా లేదు. మూడోసారికి చెయ్యి మందు సీసా మూత తిప్పేసింది కూడా. ఫోను జేబులో ఉంది. ఆయనకి ఖాళీ పీరియడ్ అని నాకు తెలుసు.

మూత పెట్టేశాను. పై గడి అంకె రాశాను. సంతకం పెట్టాను.

"ఈ పూట మేత మానండి. నీళ్ళు మార్చండి."

ఆవిడ చీటీ తీసుకుని నా మొహం లోకి చూసింది. "ఖాయమేనాండీ?"

ఆ మాట నన్నెవరూ అడగలేదు అంతకుముందు. అడిగేది ఎప్పుడూ నేనే. "అవునండీ" అనేస్తే ఆవిడ పది నిమిషాలు సంతోషంగా ఉంటుంది. ఎందుకో అనలేకపోయాను.

"నాకు కనపడిన రంగు ఇదండీ. దాన్ని బట్టి చెప్తున్నాను. ఇంతకన్నా నాకు తెలీదు."

ఆవిడ బాధపడుతుందనుకున్నాను. చీటీ మడిచి రవికలో పెట్టుకుంటూ, "అంతే కదండీ. నీళ్ళ అడుగున ఏముందో మాకు మాత్రం ఏం కనపడుతుందండి? రొయ్య పిల్ల వేసిన రోజు నుంచీ పట్టే రోజు దాకా లెక్కే ఉండదు. ఉన్నాయనుకుని మేత వేస్తాం" అంది. మోపెడ్ ఎక్కి వెళ్ళిపోయింది.

రొయ్యల చెరువుల మధ్య పదకొండేళ్ళు బతికాను. కనపడని వాటికి రోజూ మూడుపూటలా మేత వేసి, ఇంటికెళ్ళి అన్నం తినే మనుషుల మధ్య. వాళ్ళలో ఒక్కరినీ, మీకెలా నిద్ర పడుతుంది అని అడగాలని నాకు తోచలేదు.

బస్సు కొల్లేరు మీద పోతుంటే అనుమానం రానే వచ్చింది. కింది గడే సరైనదేమో. అనవసరంగా మేత మానిపించానేమో. నీళ్ళు మార్చడంలో ఇంకేదైనా తేడా చేస్తుందేమో. ముసుర్లో గూడబాతులు రెండు నీళ్ళ మీద కదలకుండా తేలుతున్నాయి. ఫోను సంచి అడుగున పెట్టి, దాని మీద టిఫిను డబ్బా పెట్టి, దాని మీద గొడుగు పెట్టాను. అనుమానం మాత్రం ఏ సంచిలోనూ పట్టలేదు. నా పక్క సీట్లోనే కూర్చుని ఏలూరు దాకా టిక్కెట్టు లేకుండా వచ్చింది.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన ముందే వచ్చి బియ్యం కడుగుతున్నారు. నేను కూర తరగడానికి కూర్చున్నాను.

"ఇవాళ రైల్లో ఏమైందంటే" అన్నారు, "ఏలూరులో ఒక పెద్దాయన గోడ గడియారం పట్టుకుని ఎక్కాడు."

అని ఆగారు.

అప్పుడు గమనించాను. ఎన్నేళ్ళ నుంచి అలవాటో, ఆయన మొదటి వాక్యం అయ్యాక ఒక చిన్న ఖాళీ వదులుతారు. నేను నా సీసా గురించి అడగడానికి. అడిగితే జవాబు చెప్పి, మిగతా కథ మింగేయడానికి. ఆ ఖాళీ ఇవాళ కూడా వచ్చింది. నా నాలుక మీద మాట కూడా తయారుగానే ఉంది. రంగు రెండు గళ్ళ మధ్య ఉందండీ, నేను పై గడి రాశాను. ఇంత చిన్న వాక్యం. ఆయన గిన్నెలో చెయ్యి అలాగే ఉంచి చూస్తున్నారు.

ఒక వంకాయ తరిగాను. ఇంకోటి తీశాను.

ఆయన కొంచెం తికమకపడ్డట్టున్నారు. దగ్గారు. "పాత గడియారమే. లోలకం ఉన్నది. ఒళ్ళో పెట్టుకున్నాడు. రైలు కదలగానే గంటలు కొట్టడం మొదలెట్టింది. పదకొండు కొట్టింది. టైము చూస్తే ఎనిమిది. పెట్టెలో అందరూ ఎవరి వాచీలు వాళ్ళు చూసుకున్నారు."

మళ్ళీ ఆగారు. ఈసారి ఖాళీ ఇంకా చిన్నది.

"భీమడోలు దగ్గర కుదుపొచ్చింది కదా. పద్నాలుగు కొట్టింది. నేను లెక్కపెట్టాను. ఏవండీ, గడియారం పన్నెండుకి మించి కొట్టకూడదండీ అన్నాను. నేను లెక్కల మాస్టార్ని అని కూడా చెప్పాను, ఎందుకు చెప్పానో తెలీదు. ఆయనేమన్నాడో తెలుసా? కూతురి కొత్తింటికి పట్టుకెళ్తున్నానండీ, ఇన్నాళ్ళూ ఒకే గోడ మీద ఉంది, పాపం కొత్త చోటికి పోతున్నానని కంగారు పడుతోంది అని, దాని మీద తువ్వాలు కప్పాడు."

ఆయన నవ్వడం మొదలెట్టారు. నవ్వు ఆపుకోలేక కడిగిన బియ్యంలో సగం నీళ్ళు ఒలకబోసుకున్నారు. నాకు లోపల ఆ రెండు గళ్ళూ అలాగే ఉన్నాయి, ఒకదాని పక్కన ఒకటి. అవి ఉండగానే నాకూ నవ్వొచ్చింది. రెండూ ఒకేసారి ఉండగలవని నాకు అంతవరకు తెలియదు.

"కప్పాక ఆగిందా?" అన్నాను.

"ఎక్కడా! పుల్ల స్టేషను దాటాక తువ్వాలు కిందనుంచి ఒక్కటే గంట, మెల్లిగా."

"తర్వాత ఏమైందండీ?"

ఆయన గిన్నె పొయ్యి మీద పెట్టి, చేతులు తుడుచుకుని, నా ఎదురుగా పీట వాల్చుకుని కూర్చున్నారు.